గోడ ఆరేదాకా: పాత ఇంటికి రంగులు వేయించే ముందు మేము చేసిన పని

మా ఇల్లు తిరుపతిలో కొర్లగుంట వైపు ఉంది. ముందు భాగాన్ని మా తాత 1961లో మద్రాసు మిద్దెగా కట్టించాడు. టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి, వాటి పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిసతో కొట్టిన గచ్చు వేసి, ఆ పైన పలక పెంకులు పరిచిన కప్పు అది. గోడలన్నీ సున్నంతో కట్టినవే, సున్నంతోనే పూసినవి. వెనుక వైపు వంటిల్లు, ఒక పడకగది, స్నానాలగదిని మా నాయన 1988లో సిమెంటు శ్లాబుతో కట్టించి దానికి కలిపాడు. ఒకే కప్పు కింద ఉన్నట్టు కనిపించినా ఇవి రెండు వేర్వేరు ఇళ్లనీ, ఒక దానికి పనికొచ్చే మందు రెండో దానికి పనికిరాదనీ తెలుసుకోవడానికి నాకు రెండేళ్ల సమయమూ ఒకసారి వృథాగా పోసిన డబ్బూ పట్టాయి.

2021 నవంబరు వానలను తిరుపతిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేరు. ఆ నెల 18వ తేదీ వానకు మా వీధిలో నీళ్లు అరుగు దాటి లోపలికి వచ్చి, మరునాటి దాకా తీయలేదు. గోడలు అడుగు నుంచి నీళ్లు తాగాయి. మరుసటి ఉగాదికి ఇల్లు బాగుండాలని 2022 ఫిబ్రవరిలో ఒక కాంట్రాక్టరుకు మొత్తం పని అప్పగించాను. ఆయన మనుషులు ఊడిపోతున్న పెచ్చులను పైపైన గీకి, అన్ని గదులకూ ఒకే తెల్ల సిమెంటు పుట్టీ రెండు పూతలు పట్టించి, ప్రైమరు కొట్టి, ఎమల్షను వేసి తొమ్మిది రోజుల్లో పని ముగించారు. ఉగాది నాడు ఇల్లు నిజంగానే కొత్తదిలా కనిపించింది. ఏడాది తిరిగేసరికి ముందు గదుల్లో నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పెయింటు అప్పడాల్లా పొంగింది. ఆ పొంగును వేలితో నొక్కితే లోపల తెల్లటి ఉప్పు పిండి రాలేది. పైకప్పు నుంచి పుట్టీ అట్టల్లా వేలాడేది. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వానలు పడిన తర్వాత ఒక రాత్రి వంటింట్లో శ్లాబు నుంచి చేటంత పెచ్చు ఊడి పొయ్యి గట్టు మీద పడింది. పగటిపూట పడి ఉంటే అది మా అమ్మ నిలబడే చోటు. ఆ పెచ్చును ఎత్తి బయట పడేసిన తర్వాత, ఈసారి పెయింటరును పిలవడం చివరి పనిగా ఉండాలని నిర్ణయించుకున్నాను.

జనవరి నెల అంతా చూడడానికే పోయింది. మాకు తెలిసిన ఒక మేస్త్రీ, మా చుట్టాల్లో ఇంజినీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, నేను, ముగ్గురం కలిసి ఒక ఆదివారం గోడ గోడనూ తట్టుకుంటూ తిరిగాం. మేస్త్రీ సుత్తి పిడితో మెల్లగా కొట్టేవాడు. గట్టిగా ఉన్న చోట 'టక్' మని పొట్టిగా పలికేది, గుల్లబారిన చోట డొల్లగా మోగేది. డొల్లగా మోగిన ప్రతి చోటా సుద్దముక్కతో గిరి గీశాం. సాయంత్రానికి వంటింటి కప్పు నిండా సున్నాలు చుట్టినట్టు అయింది. చూపుకు నున్నగా, ఏ బీటా లేకుండా ఉన్న చోట్ల కూడా లోపల పూత గోడను వదిలేసి ఉందని అప్పుడే తెలిసింది. కంటితో చూసి మరమ్మతు చేయించి ఉంటే వాటిని వదిలేసేవాళ్లం.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడానికి ఇంజినీరు మామ చెప్పిన ఉపాయం చాలా సులువైనది. అడుగు చదరం దళసరి ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా గాలి పోకుండా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయాలి. మరునాడు కవరు లోపలి వైపు, అంటే గోడ వైపు, నీటి బొట్లు కడితే తడి గోడలో ఉన్నట్టు. బయటి వైపు కడితే గదిలోని గాలిలో ఉన్నట్టు. ముందు గదుల్లో కింద అతికించిన నాలుగు కవర్లలోనూ లోపలే బొట్లు కట్టాయి. ఆరడుగుల ఎత్తులో అతికించినవి పొడిగా ఉన్నాయి. అంటే పైనుంచి కారిన నీరు కాదు, పునాది కింది నేల తడిని ఇటుకలు పైకి పీల్చుకుంటున్నాయి. ఆ రోజుల్లో కట్టిన మా ముందు భాగానికి నేల దగ్గర తడిని ఆపే పొర ఏదీ వేయలేదు.

పగుళ్ల విషయంలో ఆయన ఇంకా జాగ్రత్తగా ఉన్నారు. ప్రతి పెద్ద పగులుకూ అటూ ఇటూ పెన్సిలుతో రెండు చిన్న గీతలు గీసి, వాటి మధ్య దూరాన్నీ తేదీనీ గోడ మీదనే రాయించారు. వెంట్రుక వాసి పగుళ్లన్నీ పూతలో పుట్టినవేనని చెప్పి వాటి జోలికి పోలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులూ, పాత ఇల్లు కొత్త భాగంతో కలిసే చోట నేల నుంచి కప్పు దాకా నిలువునా ఉన్న పగులూ మాత్రం ఆయనకు ముఖ్యం. పగులు ఎంత వెడల్పో తెలిసినంత మాత్రాన చాలదనీ, అది ఇంకా కదులుతోందా, ఆగిపోయిందా అన్నది తెలియాలనీ, అందుకు కనీసం రెండు నెలలు కావాలనీ చెప్పారు. అయిదు మిల్లీమీటర్లు దాటిన పగులు ఏదైనా ఉంటే, లేదా మెట్లు మెట్లుగా ఇటుకల వరుసల వెంట పోతూ తలుపులు బిగుసుకుపోతుంటే, పునాదిని చూపించకుండా గోడను ముట్టుకోవద్దని కూడా హెచ్చరించారు. మాకు అంతదాకా రాలేదు.

ఫిబ్రవరిలో పని మొదలైంది, అదీ మిద్దె పైన. కప్పు మీద నీళ్లు నిలిచేంత కాలం కింద ఏం చేసినా దండగే. ముందు భాగం మీద పిట్టగోడ మొదట్లో జానెడు రావి మొక్క ఉంది. ఏటా దాన్ని పైకి తుంచేస్తూనే ఉన్నాం. ఈసారి మేస్త్రీ ఆ చోట పిట్టగోడ పూతను విప్పి చూస్తే, వేరు ఇటుకల సందుల్లోంచి చిటికెన వేలి లావున మూరెడు దూరం పాకి ఉంది. దాన్ని మొత్తం తవ్వి తీశాకే అక్కడి వరసలను మళ్లీ కట్టాడు. తూము నోట్లో ఆకులూ ఇసుకా పేరుకుని, వాన నీరు పిట్టగోడ మూలలో నిలిచేది. పలక పెంకుల సందుల్లో పాత సున్నం కొట్టుకుపోయి గోరు దూరేంత ఖాళీ ఉంది. సందులన్నీ గీకి, సున్నమూ ఇటుక పొడీ కలిపిన ముద్దతో నింపి, పిట్టగోడ కప్పుతో కలిసే చోట మూలను గుండ్రంగా తిప్పించాం. ఈ పనికి పది రోజులు పట్టింది. నా మాటగా చెప్పాలంటే, మొత్తం పనిలో నేను పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ పది రోజులే.

తర్వాత గీకుడు. ఆ దుమ్ము గురించి ఎంత చెప్పినా తక్కువే. దేవుడి పటాలు, బియ్యం డ్రమ్ములు, మంచాలు అన్నీ వెనుక పడకగదిలోకి చేర్చి తలుపు సందులకు తడి గుడ్డలు కుక్కాం. గీకడానికి ముందు మామ ఒక మాట చెప్పారు. తలుపులకూ, ముందు గదిలో నాలుగడుగుల ఎత్తు దాకా గోడకూ ఎప్పుడో ఎనభైల్లో వేసిన ఆయిల్ పెయింటు ఉంది. ఆ కాలపు ఆయిల్ పెయింట్లలో సీసం బాగా వాడేవారు. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదని మన దేశంలో నియమం వచ్చింది 2016లో, అది అమలైంది 2017 నవంబరు నుంచి. కాబట్టి అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింటును పొడిగా రుద్దితే లేచే దుమ్ము పిల్లలకు మంచిది కాదు. మేము ఆ భాగాలను నీళ్లు చల్లుకుంటూ, నీటితో వాడే ఉప్పుకాగితంతో తడిగా రుద్దించాం. గీకిన పెచ్చులను కింద పరిచిన పట్టలోనే చుట్టి సంచుల్లో కట్టాం. చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచాం. పనివాళ్లకు గుడ్డ మాస్కులు కాకుండా ఎన్-95 మాస్కులు ఇచ్చాను. మా అక్క పిల్లలను ఆ మూడు వారాలూ ఇంటికి రానివ్వలేదు.

ముందు గది గోడ మీద మేస్త్రీ ఒక చోట అరచేయి మేర పుట్టీ బ్లేడుతో పొర తర్వాత పొర తీసి చూపించాడు. పైన 2022 నాటి గోధుమరంగు ఎమల్షను, దాని కింద పుట్టీ, ఇవి రెండూ కలిసి అట్టలా ఒకే ముక్కగా ఊడి వచ్చాయి. ఆ ముక్క వెనుక వైపు తిప్పితే మెత్తని తెల్లటి పిండి అంటుకుని ఉంది. దాని కింద గులాబిరంగు డిస్టెంపరు, దాని కింద లేత ఆకుపచ్చ, ఆ కింద వరుసగా సున్నాలు. కొన్ని పొరల్లో నీలిమందు ఎక్కువై నీలంగా ఉన్నాయి. అన్నిటికన్నా లోపల, నేలకు జానెడు ఎత్తులో, మా అవ్వ పండుగలకు పూసిన జాజు పట్టె ఎర్రగా బయటపడింది. ఆ పొరలన్నీ కలిపి ఒక పాత పదిపైసల బిళ్ల మందం కూడా లేవు. మేస్త్రీ ఆ గోడను అరచేత్తో రుద్ది నా ముందు పెట్టాడు. చేయంతా తెల్లగా అయింది.

"చూడుమ్మా, గోడకు పుట్టీ పట్టలేదు, ఈ పిండికి పట్టింది. పిండి గోడను యాడ పట్టుకుంటుంది?" అన్నాడు.

2022లో జరిగిన తప్పు మొత్తం ఆ అరచేతిలో ఉంది. పాత సున్నం పొడిపొడిగా రాలే స్థితిలో ఉన్నప్పుడు దాని మీద బలమైన పుట్టీ పడితే, పుట్టీ ఆరేటప్పుడు బిగుసుకుని, కింద బలహీనంగా ఉన్న పొరను తనతోపాటు లాక్కుని లేస్తుంది. దానికి తోడు, సున్నపు గోడ తాగిన తడి ఎప్పటికప్పుడు గాలికి ఆరిపోవాలి. ప్లాస్టిక్ లాంటి ఎమల్షను దాని దారి మూసేస్తుంది. అప్పుడు తడి తనతో తెచ్చిన లవణాలు పెయింటు వెనకే గడ్డకట్టి, ఆ గడ్డలు పెరుగుతూ పూతను బయటికి తోస్తాయి. సిమెంటు పూత వేసి ఉంటే చెమ్మ ఆగేదని చాలామంది చెప్పారు. ఆగదు, దారి దొరక్క మరో రెండడుగులు పైకి ఎక్కుతుంది. మా పక్క వీధిలో ఒక ఇంటికి అలాగే చేశారు, ఇప్పుడు ఆ ఇంట్లో స్విచ్చి బోర్డుల ఎత్తు దాకా గోడ పొంగింది.

కాబట్టి ముందు గదుల్లో పొంగు గీత ఎంత ఎత్తులో ఉందో, దాని పైన ఇంకో అడుగు కలుపుకుని నాలుగడుగుల దాకా పూతంతా ఇటుక కనబడేలా కొట్టించేశాం. ఇటుకల మధ్య సున్నాన్ని అర అంగుళం లోతు గీకించాం. బయటపడ్డ ఉప్పును రోజు మార్చి రోజు పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పడేశాం. ఇక్కడ చాలామంది నీళ్లతో కడుగుతారు. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. మొదటి వారం బ్రష్షుకు దోసెడు తెల్ల పొడి వచ్చేది, ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి గోడ మీద పలచటి నురగ లాంటి మరక మాత్రమే మిగిలింది. ఆ రెండు నెలలూ మేము ఇటుకలు తేలిన గదిలోనే అన్నం తిన్నాం. అమ్మ ప్రతి పొద్దూ "ఇంక పూయించేస్తే ఏమవుతుంది?" అని అడిగేది. నేను ప్లాస్టిక్ కవరు అతికించి చూపించేదాన్ని. ఏప్రిల్ 20 తర్వాత అతికించిన కవరు లోపల ఒక్క బొట్టూ కట్టలేదు.

ఈ ఎదురుచూపుల్లోనే వంటింటి శ్లాబు పని నడిచింది. గిరి గీసిన చోట్లన్నీ కొట్టేస్తే ఇనుప కమ్మీలు బయటపడ్డాయి. 1988లో శ్లాబు పోసినప్పుడు కమ్మీల కింద దిమ్మలు సరిగా పెట్టలేదేమో, కొన్ని చోట్ల కమ్మీలను కప్పే కాంక్రీటు పొర అర అంగుళం కూడా లేదు. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు కాంక్రీటులోకి దిగి దానిలోని క్షారాన్ని తగ్గిస్తుంది. ఇనుమును కాపాడేది ఆ క్షారమే. అది పోయాక, తడి తగిలిన కమ్మీకి తుప్పు పట్టి, తుప్పు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి, కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. మా పొయ్యి మీద పడిన పెచ్చు అలా తోసేయబడినదే. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయడమంటే, కింద పడబోయేదాన్ని దాచిపెట్టడమే.

మామ కమ్మీల మందాన్ని కాలిపరుతో కొలిచారు. ఎక్కడైనా పావు వంతు తగ్గి ఉంటే పక్కన కొత్త కమ్మీ వేయాల్సి వచ్చేది. మా అదృష్టం, అంత తగ్గలేదు. కమ్మీ చుట్టూ, వెనుక కూడా వేలు దూరేలా కాంక్రీటు కొట్టించి, వైరు బ్రష్షుతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దించారు. పొడి దులిపాక జింకు ప్రైమరు రెండు పూతలు కొట్టారు. ఆ తర్వాత పాత కాంక్రీటును తడిపి, అతుకు కోసం పాలిమరు కలిపిన సిమెంటు పాలు పూసి, అది ఆరకముందే పాలిమరు మోర్టారును, అంటే పాలిమరు కలిపిన సిమెంటు ఇసుక ముద్దను, సెంటీమీటరు మందాన ఒక పొర, అది గట్టిపడ్డాక మరో పొర పెట్టారు. ఒకేసారి మందంగా పెడితే తన బరువుకే జారిపోతుంది. పైకప్పుకు నీళ్లు కట్టడం కష్టం. మొక్కలకు మందు కొట్టే చిన్న స్ప్రేయరుతో రోజుకు నాలుగుసార్లు చొప్పున ఏడు రోజులు నేనే తడిపాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ముందు గదుల గోడలకు సున్నపు పూత పూయగలిగిన మనిషిని వెతకడానికి చాలా తిరిగాం. చివరికి చంద్రగిరి వైపు ఒక పల్లె నుంచి డెబ్బై దాటిన పెద్దాయన ఒకరు దొరికారు. చిన్నప్పుడు గానుగలో సున్నం తిప్పిన మనిషి. చంద్రగిరి కోటలో రాజమహల్ చూసిన వాళ్లకు తెలుసు, అది రాయి, ఇటుక, సున్నంతో కర్ర దూలాలు లేకుండా కట్టిన మేడ. ఆయన ఆ మహల్‌ను చూపించే సున్నం గురించి మాట్లాడతాడు. రాతి సున్నాన్ని మా పెరట్లో గుంట తవ్వి నీళ్లలో పోసినప్పుడు అది అన్నం కుండలా కుతకుత ఉడికింది. దాన్ని వడగట్టి మూడు వారాలకు పైగా నీళ్ల కిందనే నానబెట్టాడు. కరక్కాయలు దంచి, బెల్లంతో కలిపి నానబెట్టిన నీళ్లను ఇసుక, సున్నం కలిపేటప్పుడు పోశాడు. మొదటి పూత ముతక ఇసుకతో, రెండోది సన్న ఇసుకతో, ఆఖరున జల్లించిన మెత్తని సున్నపు ముద్దతో గోరంత మందాన ఒక పూత వేశాడు.

మే నెల ఎండ సున్నానికి శత్రువు. తిరుపతిలో ఆ రోజుల్లో ఎండ నలభై దాటి ఉంటుంది. సున్నం నీళ్లు ఆరి గట్టిపడేది కాదు, తేమ ఉండగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని రాయిగా మారేది. తొందరగా ఎండితే పొడిగానే మిగిలిపోతుంది. అందుకని కిటికీలకు తడి గోనెసంచులు కట్టి, పగలంతా ఫ్యాన్లు ఆపేసి, రెండు వారాలు గోడ మీద నీళ్లు చిలకరించాం. ఉక్కపోతలో ఆ పని కష్టమే. అయినా ఒక మూల మేము సంచి కట్టడం మరిచిన చోట రెండో రోజుకే సాలెగూడు లాంటి పగుళ్లు వచ్చాయి. ఆ మూలను పెద్దాయన గీకేసి మళ్లీ పూశాడు.

ముందు గది పైకప్పు గురించి నాకూ మేస్త్రీకీ కాస్త వాదన జరిగింది. దూలాల వెంట పొడవునా పగుళ్లు వస్తున్నాయి కనుక జిప్సం బోర్డుతో ఫాల్సు సీలింగు వేయిస్తే సరిపోతుందని నేను అనుకున్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు. కర్ర ఒక తీరున, ఇటుక ఇంకో తీరున సాగి ముడుచుకుంటాయి, కాబట్టి ఆ గీత వెంట సన్నని పగులు ఎప్పుడూ ఉంటుంది. దాన్ని మూసేస్తే, రేపు కప్పు కారినా, దూలానికి చెద పట్టినా కనబడదు. ఆయన మాట సరైనదని ఒప్పుకున్నాను. రాలే భాగాలను తీసి, జనుము పీచు ముక్కలు కలిపిన సున్నంతో పూయించి, దూలం పక్కన తాపీ మొనతో సన్నని గాడి గీయించాం. పగులు వస్తే ఆ గాడిలోనే రావాలి, అడ్డదిడ్డంగా పాకకూడదు. దూలాలకు చెదల మందు కొట్టి నూనె పూశాం.

వెనుక గదులు సిమెంటు పూతవి కనుక అక్కడ పద్ధతి వేరు. స్విచ్చి బోర్డుల పైన నిలువుగా ఉన్న పగుళ్లు పైపు గాడులను పలుచని సిమెంటుతో కప్పినందువల్ల వచ్చినవి. వాటిని పూర్తిగా తవ్వి, గట్టి మోర్టారుతో నింపి పైన ఫైబరు మెష్ పట్టీ అతికించాం. మిగిలిన పగుళ్లను ఉలి మొనతో గాడిగా వెడల్పు చేశారు, పైన పెన్సిలంత, లోపలికి సన్నగా. పగులును ఉన్నదున్నట్టు వదిలి పైన పుట్టీ రాస్తే అది పగులులోకి దిగదు, పైన వంతెనలా నిలిచి, మొదటి ఎండకే విరుగుతుంది. గాడి చేసి, పాత టూత్ బ్రష్షుతో పొడి తీసి, తడిపి, పగుళ్ల ఫిల్లరును లోతుగా నొక్కి నింపారు. అది ఆరి లోపలికి గుంటపడుతుంది, మరునాడు ఇంకోసారి నింపాలి. ఈ రెండోసారిని అందరూ ఎగ్గొడతారు. ఎగ్గొట్టిన చోట రంగు వేశాక పగులు నీడలా కనిపిస్తూనే ఉంటుంది.

కిటికీ మూల పగులు దగ్గర పెన్సిలు గీతల మధ్య దూరం జనవరి నుంచి ఏప్రిల్ దాకా మారలేదు. దాన్ని మెష్‌తో మూయించాం. నిలువు పగులు మాత్రం ఎండాకాలంలో మిల్లీమీటరుకు పైగా కదిలింది. రెండు పునాదులు, రెండు రకాల గోడలు, అవి ఒకటిగా కదలవు. మామ దాన్ని పగులుగా కాక రెండు ఇళ్ల మధ్య సందుగానే చూడమన్నారు. లోపల మెత్తని ఫోము తాడు దూర్చి, సాగే గుణం ఉన్న సీలెంటు నింపి, ఒక వైపు గోడకు మాత్రమే మేకులు కొట్టిన సన్న టేకు పట్టీతో కప్పాం. రెండో వైపు పట్టీ గోడ మీద జారుతుంది.

పుట్టీ గురించి రెండు మాటలే. సంచి మీద రాసినట్టు కిలోకు నీళ్లు కొలిచి పోయాలి, కలిపినదాన్ని రెండు మూడు గంటల్లో వాడేయాలి, గట్టిపడుతుంటే మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచకూడదు. రెండు పూతలు కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటితే అది పగలడానికే. గోడ లోతుగా ఉన్న చోట పుట్టీతో కాక మోర్టారుతో సమం చేయించాలి. ఎండాకాలం గోడను ముందుగా తడపకపోతే గోడ పుట్టీలోని నీళ్లు తాగేసి దాన్ని పిండి చేస్తుంది. రుద్దేటప్పుడు రాత్రిపూట లైట్లు ఆర్పి టార్చిలైటును గోడకు ఆనించి పక్కగా వేయించాను. పగలు నున్నగా కనిపించిన గోడ మీద గుంతలు, బ్లేడు గీతలు, కంకర గింజలు అన్నీ నీడలు వేశాయి. పెయింటరు పెన్సిలుతో ఒక్కొక్కదాన్ని చుట్టి, మరునాడు వాటినే సరిచేశాడు. 2022లో గోడలకు అయిదు సంచులు పట్టించారు. ఇప్పుడు రెండు గదులకు రెండు సంచులు చాలాయి.

జూలైలో అంతా సిద్ధమైంది కానీ ఆషాఢం వచ్చింది. అమ్మ ఒప్పుకోలేదు. నాకూ అది మంచిదే అయింది, సున్నపు గోడలకు ఇంకో నెల దొరికింది. శ్రావణం మొదలయ్యాక ఆగస్టు 5న ముందు గదులకు తుమ్మబంక కలిపిన సున్నం మూడు పలుచని పూతలు, వెనుక గదులకు ప్రైమరు, ఎమల్షను వేయించాం. వరలక్ష్మీ వ్రతం 16న. నాలుగు రోజుల ముందే పెయింటరు డబ్బాలు సర్దుకున్నాడు. ఏడు నెలల పనిలో రంగు వేసింది వారం రోజులు.

అక్టోబరు మధ్యలో వాయుగుండం వచ్చి రెండు రోజులు తిరుపతిలో ఎడతెగని వాన పడింది. మొదటి రాత్రి నేను నిద్రపోలేదు. టార్చి పట్టుకుని వంటింటి కప్పు, ముందు గది మూలలు, రావి మొక్క తీసిన చోటు కింది గోడ అన్నీ తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి. నేల దగ్గర సున్నం కొంచెం నల్లబడి, వాన వెలిశాక అయిదు రోజుల్లో మళ్లీ తెల్లబడింది, పొంగలేదు. టేకు పట్టీకి బెత్తెడు దూరంలో, వంటింటి వైపు, మూరెడు పొడవున కొత్తగా వెంట్రుక లాంటి పగులు కనిపించింది. దానికి అటూ ఇటూ పెన్సిలుతో రెండు గీతలు గీసి, పక్కన తేదీ వేశాను.